పగటి నిద్రమత్తుకు కొలబద్ద దొరికిన కథ

జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉంది. రక్తపోటుకు చేతికి చుట్టే పట్టీ ఉంది. చక్కెర ఎంత ఉందో చెప్పడానికి ఒక్క చుక్క రక్తం చాలు. మరి నిద్రమత్తును దేనితో కొలవాలి? ‘నాకు పగలంతా నిద్ర ముంచుకొస్తోంది డాక్టరుగారూ’ అని ఒకరు, ‘నాకేం లేదండీ, మా ఆవిడే బలవంతంగా తీసుకువచ్చింది’ అని మరొకరు చెప్పినప్పుడు, ఇద్దరిలో ఎవరి మత్తు ఎక్కువో వైద్యుడు ఎలా తేల్చాలి? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఒక పద్ధతి ప్రకారం సమాధానం వెతకడం మొదలుపెట్టి ఇంకా యాభై ఏళ్లు దాటి ఎంతోకాలం కాలేదు. ఆ అన్వేషణ చరిత్రను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1998లో మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన నగరపు పడమటి అంచు రాత్రిని పగలుగా మార్చుకుంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల మీదుగా గోపన్‌పల్లి వరకు విస్తరించిన ఈ ఐటీ ప్రాంతంలో ఎందరో అమెరికా గడియారం ప్రకారం పని చేస్తారు. తెల్లవారుజామున కొందరు తామే కారు నడుపుకుంటూ ఇల్లు చేరతారు. మరికొందరు క్యాబులో వెనుక సీటున తల వాల్చేస్తారు. ఆ క్యాబు నడిపే మనిషి నిద్ర సంగతి ఎవరూ అడగరు. ఇటువంటి చోట పగలు తూగే మనిషిని చూసి ‘నైట్ షిఫ్టు కదా పాపం’ అని సరిపెట్టుకోవడం సులువు. ఆ సరిపెట్టుకోవడం వెనుకే ఒక్కోసారి చికిత్స ఉన్న వ్యాధి ఏళ్ల తరబడి దాగి ఉంటుంది.

వ్యాధి ఏమిటి?

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. కొందరిలో ఆ సడలింపు వల్ల గొంతు మార్గం ఇరుకై గురక వస్తుంది. మరీ ఎక్కువైతే మార్గం పూర్తిగా మూసుకుపోతుంది. రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది గాని గాలి లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి క్షణకాలం మేల్కొంటుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్ద శబ్దంతో శ్వాస తిరిగి మొదలవుతుంది. నిద్రపోయే మనిషికి ఇదేమీ తెలియదు. గాలి పది సెకండ్లు లేదా అంతకన్న ఎక్కువసేపు ఆగినా, బాగా తగ్గినా దాన్ని ఒక సంఘటనగా లెక్కిస్తారు. గంటకు ఇటువంటివి 5 దాటితే స్లీప్ ఏప్నియా ఉన్నట్లు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అని వ్యవహరిస్తారు. రాత్రి వందసార్లు తెగిన నిద్ర పగటి మీద తన బాకీ వసూలు చేసుకుంటుంది. ఆ బాకీయే పగటి నిద్రమత్తు.

ఇక్కడ ఒక తేడాను మీరు గుర్తుంచుకోవాలి. అలసట వేరు, నిద్రమత్తు వేరు. అలసిన మనిషి కుర్చీలో కూర్చుంటే సేద తీరుతాడు. నిద్రమత్తు ఉన్న మనిషి కూర్చుంటే నిద్రపోతాడు. కునుకు, తూగు, జోగు, మగత, మాగన్ను అంటూ మెలకువకు, నిద్రకు నడుమ ఉన్న మెట్లకు మన భాషలో ఇన్ని పేర్లున్నాయి. వైద్యులు మాత్రం ఆ మెట్లకు అంకెలు వేయడానికి చాలాకాలం పట్టింది.

నవ్వులాటగా మొదలైన రోగం

ఈ రోగి తొలిసారి ప్రసిద్ధికెక్కింది వైద్యగ్రంథంలో కాదు, నవలలో. 1836–37లో చార్లెస్ డికెన్స్ ప్రచురించిన ‘పిక్‌విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్రవాడు ఉంటాడు. పని మధ్యలో, నిలబడి ఉండగానే నిద్రలోకి జారుకుంటాడు, గురక పెడతాడు. పాఠకులు నవ్వుకున్నారు. వంద ఏళ్లు దాటాక, 1956లో, సిడ్నీ బర్‌వెల్, ఆయన సహచరులు తమ రోగి ఒకరి గురించి రాస్తూ ఆ స్థితికి ‘పిక్‌వికియన్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఆ రోగి స్థూలకాయుడు, వ్యాపార సంస్థలో పెద్ద ఉద్యోగి. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికి వచ్చిన సమయంలో నిద్రపోయి ఆట పోగొట్టుకున్నాడు. ఆసుపత్రికి రావడానికి అదే కారణమైంది!

గమనించండి, ఆ వ్యాసంలో నిద్రమత్తు తీవ్రతకు ఇచ్చిన సాక్ష్యం ఆ పేకాట కథే. అంతకన్న మెరుగైన కొలత ఆనాడు లేదు. మత్తుకు కారణం రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువేనని అప్పటి వైద్యులు భావించారు. రాత్రి ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు. 1965లో ఫ్రాన్సులోని మార్సే నగరంలో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా ఇటువంటి రోగుల నిద్రను రాత్రంతా యంత్రాల మీద నమోదు చేశారు. శ్వాస మళ్లీ మళ్లీ ఆగుతున్నట్లు, ఆగినప్పుడల్లా నిద్ర తెగుతున్నట్లు అప్పుడు కనబడింది. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గియెమినో, ఆయన సహచరులు దీనిని స్లీప్ ఏప్నియా సిండ్రోమ్‌గా వర్ణించారు. లావుగా లేనివారికి కూడా ఈ వ్యాధి వస్తుందని తేలడంతో డికెన్స్ కుర్రవాడి బొమ్మ చాలదని అర్థమైంది.

శ్వాసను చూడమన్న హైదరాబాదు

మత్తులో ఉన్న మనిషి శ్వాస మీద కన్ను వేయాలన్న పాఠం మన నగరానికి కొత్త కాదు. శస్త్రచికిత్సకు క్లోరోఫారం ఇచ్చే రోజులలో కొందరు రోగులు బల్ల మీదనే మరణించేవారు. ముందు ఆగేది గుండెనా, శ్వాసా అన్న వివాదం ప్రపంచమంతటా నడుస్తుండగా, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888లో ఒక పరిశోధక సంఘాన్ని, 1889లో రెండవ సంఘాన్ని నడిపించాడు. రెండవ దానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నాడు. జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసేనని, వైద్యుడు నాడి కన్న శ్వాసనే గమనించాలని వారు తీర్పు చెప్పారు.

ఆ తీర్పులో సగం నిజం ఉంది. క్లోరోఫారం నేరుగా గుండె లయను చెడగొట్టి కూడా ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. శ్వాసను చూడమన్న సలహా మంచిదే. శ్వాస ఒక్కటే చాలునన్న ధీమా పొరపాటు. ఈ పాఠాన్ని గుర్తుపెట్టుకోండి. నిద్రమత్తు కొలతల చరిత్రలో కూడా ఇదే మళ్లీ కనిపిస్తుంది.

స్టాన్‌ఫర్డ్ పడకగది

నిద్రమత్తును అంకెగా మార్చే తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది 1973లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ నిద్రమత్తు మానం. ‘ఈ క్షణాన మీకెలా ఉంది?’ అని అడిగి, పూర్తి చురుకుదనం నుండి ఇక ఆపుకోలేని నిద్ర వరకు ఏడు మెట్లలో ఒకదాన్ని ఎంచుకోమంటారు. ఒక్క రాత్రి నిద్ర చెడినవారికి ఇది బాగానే పనిచేస్తుంది. ఏళ్ల తరబడి నిద్ర చెడినవారి విషయంలో మాత్రం చిక్కు వస్తుంది. పూర్తి మెలకువ ఎలా ఉంటుందో వారు మరచిపోయి ఉంటారు. తమ మసకనే వెలుగు అనుకుంటారు. ‘చురుగ్గానే ఉన్నాను’ అని గుర్తు పెట్టిన రోగి మరికొద్ది నిమిషాలలో కునుకు తీస్తాడు.

కనుక మాటను పక్కనపెట్టి మెదడునే అడగాలని విలియం డిమెంట్, మేరీ కార్స్‌కడాన్ ఆలోచించారు. వారు అంతకుముందు ఒక వింత ప్రయోగం చేశారు. యువకులకు తొంభై నిమిషాల ‘రోజు’ను ఏర్పాటు చేసి, అరవై నిమిషాలు మెలకువ, ముప్పై నిమిషాలు పడక అని రోజుల తరబడి నడిపారు. పడక మీదికి చేరిన మనిషి ఎంత త్వరగా నిద్రపోతాడన్నది అతని నిద్రలేమికి మంచి గుర్తు అని ఆ ప్రయోగంలో స్పష్టమైంది. దాని నుండే 1970ల చివరలో బహుళ నిద్రావ్యవధి పరీక్ష పుట్టింది. వైద్యులు దీనిని ఎంఎస్ఎల్‌టీ అంటారు. ముందు రాత్రి నిద్రను యంత్రాల మీద నమోదు చేశాక, పగలు రెండేసి గంటల ఎడంతో నాలుగైదుసార్లు రోగిని చీకటి గదిలో పడుకోబెట్టి, తలకు అతికించిన తీగల ద్వారా మెదడు తరంగాలను చూస్తూ, నిద్ర పట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్కిస్తారు. ప్రతిసారీ ఇరవై నిమిషాలు గడువు. సగటు ఐదు నిమిషాల లోపు ఉంటే తీవ్రమైన మత్తు అన్నమాట.

ఈ పరీక్షకు ఒక లోటు ఉంది. పడుకోబెట్టి ‘నిద్రపో’ అంటే నిద్రపోగలగడం ఒక శక్తి. కూర్చోబెట్టి ‘మేలుకొని ఉండు’ అంటే ఉండగలగడం మరొక శక్తి. బస్సు నడిపేవాడికి కావలసింది రెండవది. అందుకే 1982లో మిట్లర్, గుజవర్తి, బ్రోమన్ అనే పరిశోధకులు మెలకువ నిలుపుకొనే పరీక్షను ప్రకటించారు. మసక వెలుతురు గదిలో రోగిని కూర్చోబెట్టి, ఏ కాలక్షేపమూ లేకుండా ఎంతసేపు మేలుకొని ఉండగలడో చూస్తారు. నేడు ఎక్కువగా నలభై నిమిషాల చొప్పున నాలుగుసార్లు చేస్తున్నారు. అంతలో మరొక మలుపు కూడా వచ్చింది. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ ముక్కుకు తగిలించిన గొట్టం ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచే సీపాప్ చికిత్సను 1981లో ప్రకటించాడు. చికిత్స వచ్చాక కొలత అవసరం రెట్టింపైంది: మత్తు ఎంత ఉందో మాత్రమే కాదు, ఎంత తగ్గిందో కూడా చెప్పాలి కదా!

ఎనిమిది ప్రశ్నల కాగితం

ఈ యంత్రపరీక్షలకు ఒక పగలంతా పడుతుంది. గది, సిబ్బంది, డబ్బు కావాలి. వచ్చిన ప్రతి రోగికీ చేయడం సాధ్యం కాదు. మెల్బోర్న్ నగరంలోని ఎప్‌వర్త్ ఆసుపత్రిలో పనిచేసే మర్రే జాన్స్ ఈ ఇబ్బందికి ఒక కాగితంతో పరిష్కారం చూపాడు. 1991లో ‘స్లీప్’ అనే వైద్య పత్రికలో ప్రచురితమైన ఆ పద్ధతిని ఎప్‌వర్త్ నిద్రమత్తు మానం అంటారు. ‘మీకు ఎంత మత్తుగా ఉంది?’ అన్న ప్రశ్నే అందులో లేదు. నిత్యజీవితంలోని ఎనిమిది సందర్భాలను చెప్పి, ఈమధ్య కాలంలో ఆయా సందర్భాలలో మీరు కునుకు తీసే అవకాశం ఎంత అని అడుగుతుంది. చదువుకుంటూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలోనో నాటకశాలలోనో కదలకుండా కూర్చున్నప్పుడు, గంటసేపు కారులో ప్రయాణిస్తున్నప్పుడు, మధ్యాహ్నం పడుకున్నప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, భోజనం తరువాత తీరికగా కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కొద్ది నిమిషాలు ఆగినప్పుడు. ప్రతిదానికి సున్నా నుండి మూడు వరకు మార్కులు. మొత్తం 24. పది వరకు మామూలు. పది దాటితే అతిమత్తు. పదహారు, ఆపైన అయితే తీవ్రం.

జాన్స్ తొలి పరిశీలనలో పాల్గొన్నవారు 180 మంది: ఆరోగ్యవంతులు 30 మంది, వివిధ నిద్రావ్యాధులు ఉన్నవారు 150 మంది. కేవలం గురక ఉన్నవారికి, శ్వాసభంగం ఉన్నవారికి మధ్య తేడాను ఈ కాగితం చూపగలిగింది. యంత్రం అక్కరలేదు, రెండు మూడు నిమిషాలు చాలు. అందుకే ప్రపంచమంతా వ్యాపించింది.

మన నేల మీద నాటినప్పుడు

మెల్బోర్న్‌లో రాసిన ప్రశ్నలు మన ఊళ్లలో అలాగే పని చేస్తాయా? కారు ఎన్నడూ నడపని గృహిణి ట్రాఫిక్ ప్రశ్నకు ఏం రాయాలి? పుస్తకం చదివే అలవాటు లేని రైతు మొదటి ప్రశ్నకు ఏం చెప్పాలి? సున్నా వేస్తే మత్తు లేదని లెక్క తేలుతుంది. నిజానికి అక్కడ లేనిది సందర్భం, మత్తు కాదు. ఈ ఇబ్బందిని గుర్తించే మన దేశంలో హిందీ రూపాన్ని సందర్భాలు మార్చి తయారుచేసి పరీక్షించారు. తెలుగులో అడిగే వైద్యుడు కూడా ఇది ఆలోచించాలి. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన, పురాణ ప్రవచనంలో, పిల్లవాడి చేత హోంవర్కు చేయిస్తూ, ఆఫీసు వీడియో సమావేశంలో కెమెరా ఆపుకుని కూర్చున్నప్పుడు: మన కునుకులు ఇక్కడ ఉంటాయి. అనువాదంలో ఒక్క మాట మారినా ఫలితం మారుతుంది. ‘కునుకు పడుతుందా?’ అంటే అవునన్న పెద్దాయన, ‘నిద్రపోతారా?’ అంటే తప్పు చేసినట్లుగా లేదంటారు.

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. లెక్కలు చూడండి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1993లో ప్రచురితమైన అధ్యయనంలో, మధ్యవయసు పురుషులలో 24 శాతానికి, స్త్రీలలో 9 శాతానికి నిద్రలో శ్వాస గంటకు ఐదు లేదా అంతకు మించి ఆగుతున్నట్లు తేలింది. పగటి మత్తు కూడా కలిసినవారిని మాత్రమే లెక్కిస్తే అవి 4 శాతానికి, 2 శాతానికి పడిపోయాయి. ముంబైలో ఉద్వాడియా బృందం 2004లో పురుషుల మీద ప్రచురించిన అధ్యయనంలో ఆ రెండు అంకెలు 19.5, 7.5 శాతాలు. ఢిల్లీలో శర్మ బృందం 2006లో ప్రకటించినవి 13.7, 3.6 శాతాలు. మొదటి అంకెకు, రెండవ అంకెకు మధ్య ఉన్న అగాధాన్ని నిర్ణయించేది ప్రధానంగా మత్తు గురించి మనం అడిగే ప్రశ్నలే. ప్రశ్న సరిగా లేకపోతే లక్షలాది రోగులు ఆరోగ్యవంతుల పట్టికలోకి జారిపోతారు.

కొలబద్ద ఎక్కడ వంగుతుంది?

శ్వాస ఎన్నిసార్లు ఆగుతోందన్న లెక్కకు, పగటి మత్తుకు మధ్య సంబంధం మీరు అనుకునేంత గట్టిది కాదు. గంటకు నలభైసార్లు శ్వాస ఆగినా ఎప్‌వర్త్‌లో ఆరు మార్కులే వచ్చేవారున్నారు. పదిసార్లే ఆగినా పగలంతా తూగేవారున్నారు. కాగితానికి, యంత్రపరీక్షకు మధ్య కూడా పొంతన అంతంత మాత్రమే. ఇందుకు కారణాలు అనేకం.

ఒకటి, పైన చెప్పినట్లు, రోగికి తన మత్తు అలవాటైపోతుంది. రెండు, స్త్రీలలో చాలామంది తమ బాధను నిద్రమత్తుగా చెప్పరు. నీరసం, అలసట, ఓపిక లేకపోవడం అంటారు. వారికి రక్తహీనత మందులో, బలం టానిక్కులో రాసి పంపడం జరుగుతూ ఉంటుంది. మూడు, భయం. డ్రైవరు ఉద్యోగం పోతుందేమోనని మార్కులు తగ్గించుకునేవారిని నిందించి లాభం లేదు. ఆ భయం నిజమైనది. నాలుగు, ఇక్కడి ఐటీ ప్రాంతానికి ముఖ్యమైనది: చాలీచాలని నిద్ర. రాత్రి పనిచేసి పగలు ఐదు గంటలు పడుకునే ఆరోగ్యవంతుడికి కూడా పద్నాలుగు మార్కులు రావచ్చు. థైరాయిడ్ లోపం, కుంగుబాటు, ఎలర్జీ మందులు, మద్యం కూడా మత్తునిస్తాయి. కాగితం మత్తు ఉందని చెబుతుంది. ఎందుకు ఉందో చెప్పదు. నైట్ షిఫ్టు, శ్వాసభంగం ఒకే మనిషిలో కలిసి ఉండడం కూడా సాధ్యమే. అప్పుడు షిఫ్టు మీద నెపం పెట్టి వ్యాధిని వదిలేయడమే అసలు ప్రమాదం.

ఇంత శ్రమ ఎందుకు?

చికిత్స లేని శ్వాసభంగ రోగులు వాహన ప్రమాదాలకు ఎక్కువగా గురవుతారని అనేక అధ్యయనాలు చూపాయి. కెనడాలో జార్జ్ అనే వైద్యుడు 210 మంది రోగులను పరిశీలించి 2001లో ప్రచురించిన ఫలితం ఆశాజనకం: సీపాప్ వాడిన తరువాత వారి ప్రమాదాల రేటు తక్కినవారి స్థాయికి దిగివచ్చింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద, తెల్లవారుజామున, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారులో నాలుగు సెకండ్ల కునుకు అంటే నూరు మీటర్లకు పైగా చూపులేని ప్రయాణం.

గుండె సంగతి కూడా ఉంది. 2016లో వెలువడిన సేవ్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో మన దేశం కూడా పాల్గొంది. అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న శ్వాసభంగ రోగులలో సీపాప్ వల్ల గుండెపోటు, పక్షవాతం తగ్గినట్లు తేలలేదు. పగటి మత్తు మాత్రం తగ్గింది, జీవన నాణ్యత మెరుగుపడింది. అయితే తీవ్రమైన మత్తు ఉన్నవారిని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదన్నది మరువరాదు. 2019లో మజోటి బృందం, శ్వాసభంగ రోగులను లక్షణాల వారీగా విభజించి చూసినప్పుడు, అతిమత్తు ఉన్న వర్గానికే గుండె జబ్బు ముప్పు ఎక్కువని కనుగొంది. అంటే మత్తు కేవలం అసౌకర్యం కాదు. ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పే గుర్తు కూడా కావచ్చు.

మీరు చేయవలసింది

ఎనిమిది ప్రశ్నలకు మీరు ఒకసారి, మీతో ఉండేవారు మీ గురించి ఒకసారి సమాధానాలు రాయండి. రెండు అంకెలకు బాగా తేడా ఉంటే అదే ఒక సమాచారం. రెండు వారాలపాటు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. వైద్యుడికి అది ఎంతో ఉపయోగం. సెలవురోజుల్లో తృప్తిగా పడుకున్నా మత్తు వదలడం లేదంటే షిఫ్టును నిందించడం మాని పరీక్షకు వెళ్ళండి. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగినట్లు ఇంట్లోవారు చెప్పడం, ఉదయపు తలనొప్పి, అదుపులోకి రాని రక్తపోటు ఉంటే మీ మార్కులు తక్కువగా వచ్చినా సరే, రాత్రి నిద్రపరీక్ష చేయించుకోండి. వాహనం నడుపుతూ ఒక్కసారైనా కునుకు పడితే, మార్కులు లెక్కించకుండానే, కారణం తేలి చికిత్స అందేవరకు స్టీరింగు మరొకరికి అప్పగించండి. సీపాప్ వాడుతున్నవారు మూడు నెలలకొకసారి అవే ప్రశ్నలకు మళ్లీ సమాధానం రాసుకోండి. సరిగా వాడుతున్నా మత్తు మిగిలి ఉంటే యంత్రాన్ని అటకెక్కించకండి, వైద్యుడికి చెప్పండి. మిగిలిన మత్తుకు వేరే కారణం ఉండవచ్చు, వేరే మందులు కూడా ఉన్నాయి.

ఒకప్పుడు పేకాట కథతో కొలిచిన మత్తును నేడు మెదడు తరంగాలతో, ప్రశ్నల కాగితంతో కొలుస్తున్నాం. ఏ ఒక్కటీ పూర్తి నిజం చెప్పదు. యంత్రం చెప్పినది, కాగితం చెప్పినది, రోగి చెప్పినది, పక్క మంచం మీది మనిషి చెప్పినది, నాలుగూ కలిపి చదివినప్పుడే వైద్యుడి నిర్ణయం సరిగా ఉంటుంది. ఆ నాలుగింటిలో మూడు మీ ఇంట్లోనే ఉన్నాయి. ఈ వారమే ఆ కాగితం పూరించి, ఇంట్లోవారి మాట కూడా విని, వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.